రాజమ్మ పేరు మీద

పుష్పకుమారిది రేపల్లె దగ్గర ఒక పల్లె. క్రిస్మస్‌కి చర్చి ఆవరణలో వేసే నాటకాల్లో చిన్నప్పటినుంచీ ఆమెకొక వేషం ఉండేది. కళ్లు పెద్దవి, గొంతు గట్టిది. సినిమాల్లో చేరితే పైకొస్తావని ఊళ్లోవాళ్లు అనేవారట. ఆ మాట నమ్మి మాత్రం ఆమె హైదరాబాదు రాలేదు. సెబాస్టియన్‌ని పెళ్లి చేసుకుని వచ్చింది. అతను సినిమాల్లో లైట్‌మన్. కొత్త పెళ్లికూతురికి షూటింగ్ చూపిద్దామని ఒకరోజు స్టూడియోకి తీసుకెళ్తే, అక్కడ పెళ్లి సీనుకి పేరంటాళ్లు తక్కువయ్యారు. అంతవరకూ నుదుట బొట్టన్నది ఎరగని మనిషికి మేకప్ అతను ఇంత బొట్టు దిద్ది, చేతికి పళ్లెం ఇచ్చి కూర్చోబెట్టాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమె కొంగుతో ఆ బొట్టు చెరుపుకుంటుంటే సెబాస్టియన్ ఒకటే నవ్వట.

అలా మొదలైన పని ఏళ్ల తరబడి సాగింది. సంతలో బేరమాడే మనిషి, ఆస్పత్రి వరండాలో ఏడ్చే మనిషి, హీరో వెనక ఊరేగింపులో నడిచే మనిషి. నోరు విప్పే వేషం ఒక్కటీ రాలేదు. దానికి ఆమె బాధపడినట్టు నేనెప్పుడూ చూడలేదు. "మేం లేకపోతే ఊరు ఊరులా ఎలా ఉంటుందండీ? హీరోగారొక్కరే వీధిలో తిరుగుతుంటే బాగుంటుందా?" అనేది.

నేను అప్పట్లో కృష్ణానగర్‌లో వాళ్ల వాటాకి ఎదురుగదిలో అద్దెకుండేవాణ్ని. నాంపల్లి కోర్టులో ఒక పెద్ద వకీలుగారి దగ్గర జూనియర్‌ని. ఆ గల్లీలో డాన్సర్లు, ఫైటర్లు, మేకప్‌వాళ్లు, కథలు పట్టుకు తిరిగేవాళ్లు ఉండేవారు. సినిమాతో సంబంధం లేనివాణ్ని నేనొక్కణ్నే అనిపించేది. సెబాస్టియన్ అప్పటికే పనికి వెళ్లడం మానేశాడు. లైట్లు కట్టే మంచె మీంచి పడి నడుం దెబ్బతింది. ఇంటి దగ్గరే ఫ్యాన్లూ ఇస్త్రీపెట్టెలూ బాగుచేసేవాడు. ఇల్లు గడిచేది మాత్రం పుష్పకుమారి పనితోనే.

ఆ పని పరబ్రహ్మం చేతిలో ఉండేది. షూటింగులకి జనాన్ని పంపే సప్లయర్ అతను. రేపు ఏ స్టూడియోకి ఎంతమంది ఆడవాళ్లు కావాలో, ఏ రంగు చీరలు కట్టుకోవాలో పొద్దుట గల్లీలోకి వచ్చి చెప్పేవాడు. చెడ్డవాడని అనలేను. ఎవరికైనా జ్వరమొస్తే తనే మందు తెచ్చిచ్చేవాడు. కాని అతను పిలవడం మానేస్తే ఆ మనిషికి ఫిల్మ్‌నగర్‌లో పని పుట్టేది కాదు.

తొంభై నాలుగు శాసనసభ ఎన్నికల ముందు ఒకరోజు పరబ్రహ్మం పుష్పకుమారి ఇంటికొచ్చాడు.

"పోలింగ్ రోజు షూటింగులుండవుగా పుష్పా. ఓ చిన్న పనుంది. మామూలు నేత చీర కట్టుకుని రా. బొట్టు పెట్టుకో."

"ఏం పనండీ బ్రహ్మంగారూ?"

"లైన్లో నిలబడ్డం. నీకు కొత్తా ఏంటి?"

ఆమెకు అర్థమైంది. "ఎవరి పేరో చెప్పి ఓటెయ్యాలా అండీ?"

"ఆ మనుషులెవరూ లేరమ్మా. కొందరు ఇళ్లు ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయారు. కొందరు చచ్చిపోయారు. చచ్చినవాళ్లకి ఓటుతో పనేముంది? దీనివల్ల ఎవరికి నష్టం చెప్పు?"

అతను వెళ్లాక సెబాస్టియన్, "వద్దు పుష్పా" అన్నాడు. "ఎల్లుండి నుంచి పిలవకపోతే?" అందామె. అతను నడుం పట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పోలింగ్ రోజు పొద్దున్నే పరబ్రహ్మం ఓ పదిమంది ఆడవాళ్లను వ్యానులో షేక్‌పేట తీసుకెళ్లాడు. పాత ఊరి నడుమ ఉన్న బడిలో పోలింగ్. ఫోటో కార్డులు ఇంకా రాని రోజులు. పేరు, ఇంటి నంబరు సరిగా చెప్పి, అక్కడ కూర్చున్న పార్టీ ఏజెంట్లలో ఎవరూ కాదనకపోతే సరిపోయేది. పుష్పకుమారి చేతికొచ్చిన చీటీలో 'రాజమ్మ, భర్త బాలనర్సయ్య' అని ఉంది. "ఎవరండీ ఈవిడ?" అని అడిగితే పరబ్రహ్మం, "పోయింది" అన్నాడు. "పేరు అడిగితే చెప్పు, అంతే. సంతకం చెయ్యకు, వేలిముద్ర వెయ్యి."

లోపల అంతా తేలిగ్గానే జరిగిపోయింది. ఒకాయన పేరు పైకి చదివాడు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మరొకాయన ఎడమచేతి వేలికి సిరా పూసి, తన దగ్గరే మిగిలే కౌంటర్‌ఫాయిల్ ముక్క మీద వేలిముద్ర తీసుకుని బ్యాలెట్ కాగితం ఇచ్చాడు. ఆమె పరబ్రహ్మం చెప్పిన గుర్తు మీద ముద్ర గుద్ది, మడిచి, పెట్టెలో వేసి వచ్చేసింది. "షాట్ ఓకే అయినట్టే అనిపించిందండీ" అని తర్వాత నాతో అంది.

బయట బడి గోడ పక్కన కుళాయి ఉంది. సిరా పోవడానికి పరబ్రహ్మం ఏదో సీసా ఇచ్చాడు. ఇంకో బూతుకి వెళ్లాలి కాబట్టి త్వరగా రుద్దుకోమన్నాడు. ఆమె అక్కడ కూర్చుని వేలు రుద్దుకుంటూ ఉండగా ఒక ముసలామె కర్ర పట్టుకుని మెల్లగా వచ్చి మెట్లెక్కింది. వెండి కడియాలు, తెల్లటి జుట్టు. ఎవరో, "జర చూస్కొని నడువు పెద్దమ్మా" అంటూ దారిచ్చారు.

కాసేపటికి లోపలి నుంచి గొడవ వినబడింది. కుళాయి పక్కన కిటికీ తెరిచే ఉంది.

"ఈ ఓటు పడిపోయిందమ్మా" అంటున్నాడు అధికారి.

"గట్లెట్ల పడతది సారూ? నేనిప్పుడే వస్తి గదా!"

"రాజమ్మ, భర్త బాలనర్సయ్య. పొద్దున్నే వచ్చి వేసి వెళ్లింది."

"నేనే రాజమ్మను. బాలనర్సయ్య నా పెనిమిటే. గీ ఊరిదాన్ని సారూ, గీ బడి కట్టినప్పుడు రాళ్లు మోసిన."

లోపల కూర్చున్న పార్టీ ఏజెంటొకడు లేచాడు. అతను ఊరివాడు కాదు, ఎవరో పంపితే వచ్చిన కుర్రాడు. పొద్దుట 'రాజమ్మ'ని చూసి ఊరుకున్నవాడే. "దొంగ ఓటు సార్ ఇది. ముసలిదాన్నంటే ఎవరూ ఏమనరని పంపిన్రు. పోలీసులకు అప్పజెప్పండి. నేను కంప్లైంట్ రాసిస్త" అని అరిచాడు.

ముసలామె రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. "నా వేళ్లు జూడుర్రి సారూ. సిరా ఉన్నదా? ఒక్క చుక్క ఉన్నదా?"

"కడుక్కొని వచ్చి ఉంటది" అన్నాడు ఏజెంటు. లైన్లో ఉన్నది చాలావరకు ఆమెను ఎరగని కొత్త కాలనీలవాళ్లు. కొందరు నవ్వారు. అధికారి కానిస్టేబుల్ని పిలిచాడు. కానిస్టేబుల్ వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

కిటికీలోంచి ఇదంతా పుష్పకుమారి చూసింది. గేటు దగ్గర పరబ్రహ్మం వ్యాను ఎక్కమని చెయ్యూపుతున్నాడు. మిగతా ఆడవాళ్లు గబగబా వెళ్లిపోతున్నారు. వాళ్లలో ఎదురింటి భూలక్ష్మి, "రావే, నీకేం పట్టింది!" అని కొంగు పట్టి లాగింది. పుష్పకుమారి కొంగు విడిపించుకుంది. మెట్లెక్కి, లైను దాటుకుంటూ లోపలికి వెళ్లి, సగం చెరిగిన సిరా వేలిని అధికారి ముందు బల్ల మీద పెట్టింది.

"ఆవిణ్ని వదిలెయ్యండి సార్. ఆవిడ పేరు మీద వేసింది నేను."

ఆ ధైర్యం ఎలా వచ్చిందని తర్వాత చాలాసార్లు అడిగాను. "ధైర్యం కాదండీ. ఆవిడ వేళ్లు చూపిస్తుంటే నవ్వారు. అది చూళ్లేకపోయాను" అనేది.

అధికారి కానిస్టేబుల్ని ఈమె పక్కన నిలబడమన్నాడట. తర్వాత నిబంధనల పుస్తకం తిరగేసి రాజమ్మకి ఒక బ్యాలెట్ కాగితం ఇచ్చాడు. ఆమె సంతోషంగా ముద్ర వేసుకొచ్చింది. కాని ఆయన దాన్ని పెట్టెలో వెయ్యనివ్వలేదు. విడిగా ఒక కవరులో పెట్టాడు. "డబ్బాల ఎందుకు ఎయ్యనిస్తలేవు సారూ?" అని ఆమె అడిగింది. ఒకరి పేరు మీద ఓటు పడిపోయాక అసలు మనిషి వస్తే ఇచ్చే కాగితం ఇలాగే విడిగా ఉంచాలని, ఎన్నిక మీద కోర్టులో కేసు పడి, కోర్టు అడిగితే తప్ప లెక్కలోకి రాదని ఆయన చెప్పాడు. రాజమ్మకు అందులో ఒక్కటే అర్థమైంది. తన ఓటు లెక్క కాలేదు. పుష్పకుమారి వైపు ఒక్కసారి చూసి, కర్ర పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

పుష్పకుమారిని ఠాణాకి తీసుకెళ్లారని సెబాస్టియన్ నడుం పట్టుకుని నా గదికొచ్చి చెప్పాడు. నేను వెళ్లాను. బెయిలివ్వదగ్గ నేరమే కాబట్టి సాయంత్రానికి ఇంటికి తెచ్చుకున్నాం. దారిలో ఆటోలో ఆమె నన్ను అడిగింది, "ఓటు చెల్లదని కొట్టేస్తే నేరం పోతుందా అండీ?" అని. పోదని చెప్పాను. బతికున్నవాళ్లదైనా, పోయినవాళ్లదైనా, వేరొకరి పేరు చెప్పి కాగితం అడగడమే నేరం. ఓటు పడిందా లేదా అన్నది తర్వాతి మాట. ఏడాది వరకూ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

మర్నాడు పరబ్రహ్మం వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"పుష్పా, జరిగిందేదో జరిగింది. మంచి వకీల్ని నేను పెడతాను. పేరు తప్పుగా విన్నాను, భయంలో ఏదో చెప్పాను అను. నా పేరు తేకు. నీ పని ఎక్కడికీ పోదు, ఆ మాట నాది."

ఆమె నావైపు చూసింది. నిజం చెప్పాలంటే అతను చెప్పింది వకీలుగా నేనూ చెప్పాల్సిన సలహాయే. ఆమె నోటి మాట తప్ప కేసులో బలమైన సాక్ష్యం లేదు. వేలిముద్ర ఉన్న కౌంటర్‌ఫాయిళ్లు సీలు వేసిన కట్టలో ఉన్నాయి. వాటిని తెరిపించడం మాటలు కాదు. ఆమె కాదంటే కేసు నిలబడేది కాదు. అదే చెప్పాను.

"నేను వెయ్యలేదంటే మరి ఆవిడ సంగతేంటండీ?" అంది.

ఆ ఏజెంటు రాజమ్మ మీద రాసిచ్చిన ఫిర్యాదు ఇంకా ఠాణాలోనే ఉంది. పుష్పకుమారి మాట వల్లే దాన్ని పక్కన పెట్టారు. ఈమె మాట వెనక్కి తీసుకుంటే అది మళ్లీ పైకి రావచ్చు. అంతవరకూ పోకపోయినా, ఊళ్లో ముసలామె దొంగ ఓటుకి వచ్చిందన్న మాట మిగిలిపోతుంది. ఉన్నదున్నట్టు చెప్పాను.

పుష్పకుమారి భర్త వైపు చూసింది. సెబాస్టియన్ విప్పి పెట్టిన ఫ్యాను మోటారు ముందు కూర్చుని తల వంచుకుని ఉన్నాడు. చివరికి అతనే అన్నాడు, "బ్రహ్మంగారూ, మీరు వెళ్లండి. మాకు ఏది వస్తే అది వస్తుంది."

కేసు విచారణకొచ్చేసరికి ఎండలు ముదిరాయి. మెజిస్ట్రేటు, "నేరం ఒప్పుకుంటే శిక్ష పడుతుంది. ఎవరైనా బలవంతం చేశారా? ఆలోచించి చెప్పు" అన్నాడు. ఆమె బోనులో నిలబడి ఉంది. ఎన్నో కోర్టు సీన్లలో వెనక బల్లల మీద కూర్చున్న మనిషి. ఆ రోజు బోను కమ్మీ పట్టుకుని నోరు విప్పింది.

"కొట్టి ఎవరూ తీసుకెళ్లలేదండీ. పని పోతుందని భయపడి వెళ్లాను. పరబ్రహ్మంగారు చెప్పారు. ఆవిడ చచ్చిపోయిందన్నారు, నమ్మాను. బతికే ఉన్నారు." అని ఆగి, "చచ్చిపోయినా నేను వెయ్యకూడదు కదండీ" అంది.

నేను ఆమె పరిస్థితులన్నీ చెప్పి దయ చూపమని వేడుకున్నాను. కోర్టు లేచేవరకూ అక్కడే కూర్చోవాలని, కొద్దిపాటి జరిమానా కట్టాలని తీర్పు వచ్చింది. పైకి చిన్న శిక్షే. కాని దానితోపాటు చట్టం ఇంకొకటి కూడా తీసుకుంటుంది. ఈ నేరానికి శిక్ష పడ్డవాళ్లకి ఆరేళ్లు ఓటుహక్కు ఉండదు. సాయంత్రం బస్టాపులో ఆ మాట చెప్పాను.

"నా ఓటు ఊళ్లో ఉందండీ. పెళ్లయ్యాక ఎప్పుడూ వెళ్లి వెయ్యలేదు. ఇక్కడ రాయించుకోవాలనీ తోచలేదు. పోతోందంటే మాత్రం ఎలాగో ఉంది" అంది.

పరబ్రహ్మం మీద పెట్టిన కేసు నిలబడలేదు. ఆ రోజు వచ్చిన ఆడవాళ్లలో ఒక్కరూ అతనికి వ్యతిరేకంగా చెప్పలేదు. వాళ్లను తప్పుపట్టలేం. అతను మళ్లీ గల్లీలోకి రావడం మొదలుపెట్టాడు, పుష్పకుమారి గుమ్మం దగ్గర మాత్రం ఆగకుండా పోయేవాడు. భూలక్ష్మి ఆమెతో మాట్లాడ్డం మానేసింది. ఆ ఇంట్లో కష్టకాలం నడిచింది. చర్చివాళ్లు కొంత ఆదుకున్నారు. తర్వాత ఒక ప్రొడక్షన్ మేనేజరు తల్లికి వంటమనిషిగా కుదిరి, ఆమె చేతి పులుసు రుచి చూసినవాళ్ల ద్వారా షూటింగ్ యూనిట్లకి భోజనాలు వండే చోట పని దొరికింది. కెమెరా ముందుకి మళ్లీ వెళ్లలేదు.

తీర్పు వచ్చాక ఒక ఆదివారం ఆమె చర్చి నుంచి నేరుగా షేక్‌పేట వెళ్లింది. రాజమ్మ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. రాజమ్మ గుమ్మంలో కూర్చుని గోంగూర కట్టలు కడుతోంది. గుర్తుపట్టింది కాని, కూర్చోమనలేదు.

"మల్లెందుకొచ్చినవ్? నా ఓటు తిన్నవ్, ఇంకేం గావాలె?"

"క్షమించమని అడగడానికి వచ్చానమ్మా."

"ఏందే క్షమించేది?" రాజమ్మ చేతిలో కట్ట కింద పడేసింది. "నాకు పార్టీ లేదు, పాడూ లేదు. గా బళ్లెకు ఎందుకు పోత తెల్సా? ఆడ సారు లేచి చదువుతడు. రాజమ్మ, భర్త బాలనర్సయ్య అని. మా ఆయన పోయి ఇరవై ఏండ్లాయె. గీ ఊర్లె ఆయన పేరు నోటితోని అనేటోళ్లు ఎవ్వరు లేరు. నేను అనను, పెనిమిటి పేరు ఎట్లంట? ఓట్లప్పుడే ఒక్కసారి ఇంటుంటి. గా దినం నా నోటితోనే అనాల్సి వచ్చె, అందరు నవ్వబట్టిరి."

పుష్పకుమారి అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చింది. రాజమ్మ ఓదార్చలేదు. చాలాసేపటికి లేచి లోపలికెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. "తాగి పో. ఎండున్నది" అంది.

మళ్లీ ఆదివారం కూడా పుష్పకుమారి వెళ్లింది. ఆ తర్వాతా వెళ్లింది. క్షమించానన్న మాట రాజమ్మ ఎప్పుడూ అనలేదు. కాని కొన్నాళ్లకు గోంగూర కట్టలు ఆమె చేతికిచ్చి కట్టమనేది. ఒకసారి జ్వరంతో పడుకుంటే పుష్పకుమారే అక్కడుండి జావ కాచి పోసింది. షూటింగ్ వంటలకి ఆకుకూర ఇక రాజమ్మ దగ్గరే కొనేవారు.

తొంభై తొమ్మిదిలో మళ్లీ ఎన్నికలొచ్చాయి. పుష్పకుమారికి ఓటు లేదు. ఆ రోజు ఉదయం ఆటో మాట్లాడుకుని షేక్‌పేట వెళ్లి రాజమ్మను ఎక్కించుకుంది. తోడు రమ్మంటే నేనూ వెళ్లాను. బడికి కొంత దూరంలోనే ఆటో ఆపేశారు. అక్కడ ఒక పార్టీవాళ్లు టేబుల్ వేసుకుని చీటీలు రాస్తున్నారు. వాళ్లలో ఒకడు పుష్పకుమారిని గుర్తుపట్టి, "ఏమమ్మా, ఇయ్యాల ఎవరి పేరు మీద వచ్చినవ్?" అన్నాడు. పక్కవాళ్లు నవ్వారు. ఆమె మొహం కందిపోయింది. తల దించుకుంది.

రాజమ్మ కర్ర నేలకేసి కొట్టింది. "నన్ను తోల్కొని వచ్చింది. నువ్వు వచ్చినవా తోల్కపోతందుకు? నీ పార్టీల ఒక్కడన్న వచ్చిండా? చీటీ రాయి, మాటలు బంద్ చెయ్యి."

వాడు చీటీ రాశాడు.

పుష్పకుమారి లోపలికి రాలేదు. రోడ్డు పక్కనే నిలబడింది. నేను రాజమ్మను మెట్ల దాకా నడిపించి వచ్చాను. ఇద్దరం ఎండలో చూస్తూ నిలబడ్డాం. చాలాసేపు రాకపోయేసరికి పుష్పకుమారి కంగారుపడింది. "మళ్లీ ఏదైనా గొడవేమో అండీ, వెళ్లి చూడండి" అంటుండగానే ముసలామె మెట్లు దిగుతూ కనబడింది. పుష్పకుమారి కొంచెం ముందుకెళ్లి చెయ్యందించింది.

"ఏమైందమ్మా, ఇంతసేపు?"

"ఏం గాలే. సారు పేరు చదివిండు. సరిగ్గ ఇనవడలే సారూ, మల్ల చదువు అన్న. మల్ల చదివిండు." రాజమ్మ వేలు పైకెత్తి సిరా చూపించింది. "గీసారి డబ్బాలనే ఏసిన."

దాహమవుతోందంటే ఆటో అతన్ని ఆపి ముగ్గురం నిమ్మసోడా తాగాం.

రాజమ్మ ఆ తర్వాత ఎక్కువకాలం బతకలేదు. పోయిన వార్త తెలిసి పుష్పకుమారీ సెబాస్టియనూ వెళ్లి, ఊరివాళ్లతో పాటు చివరిదాకా ఉండి వచ్చారు. ఆరేళ్ల గడువు తీరాక ఓటరుగా నమోదు చేయించుకోవడానికి ఆమె నన్ను వెంటబెట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగింది. ఒకసారి తిప్పి పంపారు, ఇంకోసారి ఇంటి యజమాని సంతకం పెట్టనన్నాడు. ఎలాగో అయింది. రెండువేల నాలుగులో కృష్ణానగర్ బూతులో మొదటిసారి ఓటు వేసింది. ఆమె ముందు లైన్లో భూలక్ష్మి ఉంది. పదేళ్ల తర్వాత ఆ రోజే భూలక్ష్మి వెనక్కి తిరిగి, "సెబాస్టియన్ నడుం ఎలా ఉందే?" అని అడిగిందట. ఇద్దరూ ఓట్లు వేసి, కబుర్లు చెప్పుకుంటూ కలిసి ఇంటికి నడిచొచ్చారు.